బాపు బొట్టు పెట్టిన ఇనుము

జనగామలో మా ఇంటి బల్ల మీద నాలుగు రోజులుగా ఒక ఇనుప వస్తువు కూర్చుని నన్ను వెక్కిరిస్తోంది. జానెడు పొడవు, ఒక కొసన కర్ర పిడి, ఇంకో కొసన రెండు కోరలు, నడుమ పళ్ల చక్రం. పిడి తిప్పితే కోరలు దగ్గరికొస్తాయి. దేన్ని పట్టుకోవడానికో అంతుబట్టదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తుప్పు చాటు నుంచి ఇంకా ఆముదం వాసన.

పాత ఇనుము చూసి పేరు చెప్పడంలో మూడు జిల్లాల్లో నన్ను మించినవాడు లేడు. సరే, అబద్ధం. మా బావమరిది ఒక్కడే అడిగాడు, అదీ సేమియాల మర చూపించి. అదీ తప్పే చెప్పాను. కానీ ఇది మా బాపుది. దీని పేరు కూడా తెలియకపోతే ఎట్లా?

ఘనపూర్ దగ్గర మా ఊరి బడిలో పాత పనిముట్లకు ఒక గది తెరుస్తున్నారు. ప్రతి వస్తువు పక్కన దాని పేరు, పని రాసిన అట్టముక్క ఉండాలట. హెడ్మాస్టరమ్మ నా చిన్ననాటి దోస్తు రాజయ్య బిడ్డే. "పెద్దబాపూ, శనివారం లోపల జర రాసియ్యి" అని ఫోన్ చేసింది.

ఆ పేరు నేను ఏటేటా విన్నాను. వానలు వెనకబట్టి, మక్క కంకులు ఎండి, చెరువులో వేసిన బతుకమ్మల తంగేడు పూలు ఒడ్డుకు కొట్టుకొచ్చి కుళ్లే వాసన ఊరంతా పరుచుకునే దసరా పొద్దున, బాపు పనిముట్లన్నీ కడిగి, ఆముదం గుడ్డతో తుడిచి, గొంగడి మీద వరసగా పేర్చి, ఒక్కోదానికి బొట్టు పెడుతూ హాజరు పిలిచినట్టు దాని పేరు పైకి అనేవాడు. పేరు పెట్టి పిలవని ఇనుము ఆ ఏడు చేతిని కోస్తుందని ఆయన నమ్మకం. నా ముక్కేమో పొయ్యి మీద ఉడికే యాటకూర వైపు.

"ఇంటున్నవారా?"

"ఇంటున్న బాపూ."

వినలేదు. ఒక్క ఏడూ వినలేదు.

పైగా కర్రతో బిళ్లను ఎగరగొట్టే చిర్రగోనె ఆటలో నన్నెవరూ కలుపుకోవడం లేదని, ఒకరోజు చూరులోంచి దాన్ని దొంగతనంగా తీసుకెళ్లి, గడీలో దొర దొంగల బొటనవేళ్లు నొక్కించిన మర ఇదేనని చెప్పాను. రాజయ్య వేలు పెట్టి నొక్కి చూపించాను కూడా. అప్పటినుంచి ఆటలో మొదటి దెబ్బ నాదే.

ఇప్పుడు మహబూబాబాద్ వెళ్లి, మా ఊరి నుంచి అక్కడికి వలస పోయిన ముసలి కమ్మరిని అడిగాను. అటూ ఇటూ తిప్పి చూసి, "గిది గడీల దొంగల యేళ్లు నొక్కేది గదా! చిన్నప్పటి సంది ఇంటనే ఉన్న" అన్నాడు. భూపాలపల్లిలో నాకు బాపు వరసయ్యే, నా ఈడు చుట్టం కూడా అదే మాట. అరవై ఏళ్ల కింద నేను వదిలిన అబద్ధం ఎక్కడికి పోయినా ముందే వచ్చి కూర్చుంది. ఈ ఇనుము అసలు పేరు ఎరిగిన బాపు ఈడువాళ్లు ఒక్కరూ మిగల్లేదు.

చివరికి రాజయ్య ముందు ఒప్పుకున్నాను. "అరే రాజిగా, గది నేను ఉత్తగ అల్లిన ముచ్చటరా."

"ముసల్తనంల మతి తప్పిందారా? నా యేలే నొక్కితివి! ఇగో, గోరు గిప్పటికీ వంకరే."

శనివారం బస్సెక్కి, ఆ ఇనుముతో పాటు అట్టముక్క పట్టుకెళ్లాను: "పేరు తెలియదు. పని తెలియదు. మా బాపుకు తెలుసు."

హెడ్మాస్టరమ్మ చదివి నవ్వింది. "ఇట్లెట్ల పెడతం పెద్దబాపూ? మా బాపు చెప్పిండు, రాయించిన గూడ." పలక మీద తెల్లరంగుతో ఉంది: గడీలో దొంగల వేళ్లు నొక్కే మర.

"గది అబద్ధం బిడ్డా. నేనే చెప్పిన."

"నీ ముచ్చట్లు నాకెరుకలేవా? గిప్పుడు ఆడుతున్నవ్ అబద్ధం."

నా సంచిలోంచి దాన్ని తీసుకున్న అటెండరు తుప్పు పట్టకుండా అప్పటికే కోరలకు నల్లరంగు పూస్తున్నాడు. వంగి వాసన చూశాను. రంగు వాసనే, ఆముదం లేదు. పిడి పట్టుకుని చివరిసారి తిప్పాను. పేరు పెట్టి పిలవలేదు కదా, కోస్తుందేమో చూద్దామని వేలు చక్రం పళ్ల మీదే ఉంచాను.

కోయలేదు. కోసినా బాగుండేది.