బీడీ కాలిన మచ్చ

పశువైద్యంలో పీజీ చేస్తున్న రోజులవి. ఎలుకల మీద బతికే పురుగులు మనుషులకు ఏ జబ్బులు మోస్తాయన్నది నా పరిశోధన. విశాఖ వన్ టౌన్‌లో బియ్యం కొట్టు నడిపే పెద్దాయన ఒకరు, నేను చాచా అని పిలిచేదాన్ని, బోనులో పడ్డ ఎలుకల్ని నాకోసం ఉంచేవారు.

ఒకరోజు ఎలుక చెవిలోంచి నారింజ రంగు పురుగుల్ని పట్టకారుతో తీసి సీసాలో వేస్తున్నాను. చాచా చొక్కా కాస్త పైకెత్తారు.

"బేటీ, నడుం కాడ ఈ మచ్చేటో సూడు. నొప్పి లేదు, దురదా లేదు."

తల సగమే ఎత్తాను. "బీడీ కాలినట్టుంది చాచా."

"నాను బీడీ తాగను కదమ్మా!" అని నవ్వారు. నేనూ నవ్వేసి పనిలో పడ్డాను.

రెండు వారాల తర్వాత వెళ్తే కొట్టు మూసి ఉంది.

"చాచా పోనారమ్మా," అన్నాడు పక్క కొట్టాయన. "జొరమని ఆస్పత్రిలో జేరారు. స్క్రబ్ టైఫస్సని తెల్సేసరికే ఆలీసమైపోనాది."

అది నేను సీసాలో పట్టుకెళ్లిన పురుగులు మోసే జ్వరమే. అవి కుట్టిన చోట బీడీ కాలినట్టు నల్లటి మచ్చ పడుతుందని, నొప్పి ఉండదని, నా థీసిస్ మొదటి పేజీలో నేనే రాశాను. చాచాని కలవకముందే రాశాను.