తేలు అన్నాను, అంతే

ముంచింగిపుట్టు అన్న పేరులోనే ముంచడం ఉంది. ఈత నేర్పేవాళ్లకు అక్కడ శిక్షణ పెట్టినవారికి ఆ సంగతి తట్టినట్టు లేదు. మాది గుమ్మలక్ష్మీపురం వైపు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను కాబట్టి నీటి గురించి నాకు కొంత తెలుసు: రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. మిగతాదంతా ఈ శిక్షణలో ముక్కు ద్వారా తెలిసింది.

బయల్దేరేముందు మా అమ్మ సంచీ సర్దుతూ, "డిగ్రీ సదివి నీళ్లలో దూకడమేటే గుంటా?" అంది.

"దూకడం కాదమ్మా. దూకినోళ్లని బయటికి తియ్యడం."

"దూకొద్దని ఆళ్లకి సెప్తే సరిపోద్ది గదా."

నీటి భద్రత మీద అంతకంటే క్లుప్తమైన పాఠం తర్వాత కూడా ఎక్కడా వినలేదు.

నాకు మాత్రం ఆ పని కావాలి. పాసైతే మా మండలంలో ఆడపిల్లల హాస్టల్‌కి వేసవి ఈత పాఠాలు నేనే చెప్తాను. ఫెయిలైతే, నేర్పే ఆడమనిషి మరొకరు లేరు కాబట్టి ఆ ఏడాదికి పాఠాలే ఉండవు. వానాకాలం వాగు దాటి వచ్చే పిల్లలు వాళ్లు. నేనూ అలా దాటి చదువుకున్నదాన్నే. అవతలి గట్టుకు చేరిన ప్రతిసారీ నాకే కాస్త ఆశ్చర్యంగా ఉండేది.

కొండల మధ్య చెక్‌డ్యాం వెనక నిలిచిన నీళ్లే మా తరగతి గది. విశాఖ నుంచి వచ్చిన మాస్టారు పొద్దున్నే మంచులో మమ్మల్ని దింపి, "వాటర్ హాయిగా ఉంది" అనేవారు, ఒడ్డున స్వెట్టర్ వేసుకుని. మునిగేవాళ్లకి చెయ్యి కాకుండా కర్రో తాడో అందించడం, మెడ పట్టుకుంటే విడిపించుకోవడం నేర్పారు. మేం ఒకరినొకరం ఎన్నిసార్లు కాపాడుకున్నామో లెక్కలేదు. పళ్లు టకటకలాడుతూనే నవ్వుకునేవాళ్లం. ఏ కాలేజీలోనూ నేనంత సంతోషంగా లేను.

చివరి పరీక్ష, పాఠం చెప్పడం. ఈత రాని స్థానికులకు వెల్లకిలా తేలడం నేర్పాలి, అదీ తెలుగులో. మాకు అప్పటిదాకా వచ్చినవి ఫ్లోట్, కిక్, బ్రీత్. అన్నిటినీ శ్రద్ధగా తెలుగులోకి మార్చుకున్నాను. ఫ్లోట్ అంటే తేలు. ఇంత సులువైన భాష మరొకటి లేదనిపించింది.

నా వంతుకి కాఫీ తోటల్లో పనిచేసే ఆడవాళ్లు వచ్చారు. అందరిలోకీ పెద్దావిడని ముందు పిలిచాను. వరస తెలియకపోయినా పిన్నీ అన్నాను. నడుంలోతు నీళ్లలో ఆవిడ మెడ కింద ఒక చెయ్యి, వీపు కింద ఒక చెయ్యి వేసి, మెల్లగా వెనక్కి వాల్చి, ఒడ్డున కుర్చీలో ఉన్న మాస్టారికి కూడా వినబడేలా అన్నాను.

"తేలు పిన్నీ, తేలు."

పిన్ని నా మెడ మీద ఉంది. ఎప్పుడెక్కిందో నేను చూడలేదు. మిగతావాళ్లు చీరలు పైకెత్తుకుని ఒడ్డుకు పరుగు తీశారు. ఒకావిడ అప్పుడే చెప్పు చేతిలోకి తీసుకుంది.

"ఏదే? ఎటెల్లిందే?" అంది పిన్ని.

"తేలు కాదు పిన్నీ, తేలు."

ఈ వివరణతో పరిస్థితి మెరుగుపడలేదు. మాస్టారు నేర్పినట్టే గడ్డం దించుకుని నీళ్లలోకి కుంగాను. మునిగే భయం వేస్తే మనిషి పట్టు వదిలేస్తుంది. పిన్ని వదిలి, నిలబడి, నన్ను అనుమానంగా చూసింది.

"నీళ్లలో ఎండుటాకు పడితే ఏటవుద్ది పిన్నీ?" అన్నాను, దగ్గు ఆగాక.

"తేల్తాది."

"నిన్నూ అదే సెయ్యమన్నాను."

"నువ్వలాగ అన్లేదు. తేలన్నావు."

వ్యాకరణం ప్రకారం ఇద్దరిదీ ఒకటే మాట. వ్యాకరణాన్ని నమ్మి నీళ్లలోకి దిగేవాళ్లు మాత్రం ఒడ్డున ఎవరూ కనబడలేదు. మాస్టారి వైపు చూశాను. ఆయన రెండు కాళ్లూ కుర్చీ మీదికి ముడుచుకుని కూర్చున్నారు. వేసవి పాఠాలు చేజారినట్టేననుకున్నాను.

"పోనీ, నీళ్ల మీద పడుకో పిన్నీ," అన్నాను.

"పడుకోడమా? ఆ ముక్క ముందే సెప్పొచ్చు గదే. పొద్దున్నించీ కాయలు కోసి నడుం పడిపోతంది."

పడుకుంది. చెవులు నీళ్లలోకి వెళ్లాయి, కాలివేళ్లు పైకొచ్చాయి, భుజాలు వదులయ్యాయి. అంత సులువుగా తేలిన మనిషిని శిక్షణ మొత్తంలో చూడలేదు, నాతో సహా.

"ఏటే, ఎలాగుంది?" అని ఒడ్డు మీంచి కేకలు.

"మాటాడకండి," అంది పిన్ని కళ్లు మూసుకుని.

చెప్పు పట్టుకున్నావిడ దాన్ని వదిలేసి నీళ్లలోకి వచ్చింది. "ఆవిణ్ని లేపి నన్ను బేగి పడుకోబెట్టు" అంది. వెనకే మిగతావాళ్లూ దిగారు. వరసలో ముందెవరన్నదాని మీద చిన్న గొడవ కూడా అయింది.

మాస్టారు ముందు ఒక కాలు, కొంతసేపటికి రెండోది కింద పెట్టారు.

"పాసయ్యావమ్మా," అన్నారు. "ఆ మొదటి మాట మాత్రం హాస్టల్లో వాడకు."

తలూపి పిన్ని వైపు చూశాను. నా రెండు చేతులూ తీసేసి అప్పటికి చాలాసేపయింది. పిన్ని ఇంకా తేలుతూనే ఉంది. ఆ సంగతి ఆవిడకు తెలియదు. నేనూ చెప్పలేదు.