రెండో శోకం

జగన్నాథరావు కలకత్తాలో ఏం చదువుతున్నాడో టెక్కలిలో ఎవరికీ అంతుబట్టలేదు. ప్లీడరీ కాదు, డాక్టరీ కాదు. "మనసు గురించి సదువట" అని తల్లి అప్పలనరసమ్మ చెబితే, "మనసు గురించి తెలాలంటే అంత దూరమెందుకమ్మా, పెళ్లి సేసీ, అదే తెలస్తాది" అని ఇరుగుపొరుగు నవ్వేవారు.

ఎం.ఏ. ఆఖరి ఏడు కొన్ని పరీక్షలకు బదులు పరిశోధన చేసి ఒక పెద్ద వ్యాసం రాయవచ్చన్నారు. దేని గురించి రాయాలో అతను వెతుక్కోనక్కర్లేకపోయింది. అంతకుముందు వేసవిలోనే తండ్రి పోయాడు. ఉద్దానంలో కాపురముంటున్న చెల్లెలు ఉమామహేశ్వరి బండి దిగి, వాకిట్లోనే అన్న మెడ పట్టుకుని శోకం పెట్టింది.

"నా బండి గంటలినబడితే సందు సివరికొచ్చీవోడివి కద నాయినా! ఈయేల నా ఎద్దులకెవులెదురొస్తారు నాయినా!"

చావింటికి ఏ చుట్టం వచ్చినా అక్కడి ఆడవాళ్లు ఇలాగే కొత్తగా శోకం ఎత్తుకుంటారు. వచ్చినవాళ్లను పట్టుకుని పోయినవాళ్లతో మాట్లాడతారు. ఎక్కడా తడబడరు. ఆ మాటలు ముందే మనసులో దాగి ఉంటాయా, నోట్లోకి వచ్చాకే పుడతాయా? జగన్నాథరావు వ్యాసమంతా ఈ ప్రశ్న మీదే నడిచింది. చెల్లెలి శోకాన్ని గుర్తున్నంత మేర రాసుకుని, కలకత్తా పట్టుకెళ్లి ఇంగ్లీషులో పెట్టాడు. ప్రొఫెసరుగారు చదివి, "బాగుంది. కానీ ఒక్కసారి విన్నది రుజువు కాదు. అదే మనిషి మరో చావుకు ఏడ్చినప్పుడు విని, రెండూ పోల్చాలి" అన్నారు.

సెలవుల్లో చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు రాసినంతవరకు బావ తిరుపతిరావుకు చదివి అర్థం చెప్పాడు. తిరుపతిరావు సరదా మనిషి. లోపలికి కేకేశాడు. "ఏమే, ఇలా రా! నీ శోకం కలకత్తా రైలెక్కేసింది!"

ఉమామహేశ్వరి చేతిలోని చేటతోనే గుమ్మంలో నిలబడి విన్నది. ఆమె మొహంలో నవ్వు లేదు.

"మా అయ్య సచ్చిపోతే నానేడిసేను. కలకత్తా వోలకేటి పని?"

"నీ పేరు రాయలేదమ్మా. ఒక స్త్రీ అని రాశాను."

"నానేటి, ఒక స్త్రీనా? నీ సెల్లిని కానా?"

తిరుపతిరావు నవ్వు ఆపేశాడు. ఆమె లోపలికి వెళ్లిపోయింది. లోపల బియ్యం చెరుగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

అయినా అతను పని మానలేదు. ఉద్దానం తోటల మధ్య ఊరూరా తిరిగాడు. చావింటి అరుగు మీద కాగితం తీస్తే ప్రభుత్వం మనిషనుకుని మగవాళ్లు లేచి నిలబడేవారు, ఆడవాళ్లు నోరు మూసుకునేవారు. చివరికి శోకం పెట్టడంలో పేరున్న పెద్దతల్లి అనే ముసలామెను పట్టుకుని, ఊరికే ఒకసారి ఏడ్చి చూపించమన్నాడు.

"ఓలమ్మ! సావు లేనింట శోకమెడతారేటి బాబూ? ముందు మీ ఇంట్లో ఎవుల్నైనా సాగనంపు, అప్పుడొచ్చి ఏడుస్తాను."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. అతనూ నవ్వాడు.

వానాకాలంలో కలకత్తాకు టెలిగ్రాం వచ్చింది. తిరుపతిరావు కలరాతో పోయాడు.

పలాసలో రైలు దిగి బండెక్కేదాకా అతనికి బావ నవ్వే చెవుల్లో ఉంది. జీడి తోటలు దాటుతుండగా మనసులో ఒక మాట మెరిసింది: ఇది రెండోది. అదే మనిషి, మరో చావు. తన మీద తనకే రోత పుట్టింది. కానీ మెరిసిన మాట మెరవనట్టు కాదు కదా.

బండి ఆగింది. వాకిట్లో ఆడవాళ్లు దారి ఇచ్చారు. అన్న వచ్చాడు, ఇక ఇల్లు అదిరిపోయేలా ఏడుస్తుందని అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఉమామహేశ్వరి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అన్న కళ్లలోకి చూడలేదు. అతని చొక్కా జేబులోని పెన్సిలు వంక చూసింది.

"ఏడమ్మా, అన్నొచ్చేడు. ఏడిస్తే గుండె తేలికౌతాది" అంది అత్తగారు మంగమ్మ.

"రాసుకోడానికేటీ లేదు, అన్నయ్యా" అంది ఉమామహేశ్వరి.

అంతకుముందు ఎవరు వచ్చినా ఊరు వినేలా ఏడ్చిందట. అతను ఉన్నన్నాళ్లూ పొడి కళ్లతోనే అన్నం వడ్డించింది.

కలకత్తా వెళ్లి వ్యాసంలోంచి ఆమె శోకం ఉన్న కాగితాలు తీసేశాడు. ప్రొఫెసరుగారు, "అసలు ప్రాణమే తీసేశావే" అన్నారు. మిగిలింది ఇతరుల పుస్తకాల సారం. మూడో తరగతిలో గట్టెక్కి, టెక్కలి బడిలో పంతులయ్యాడు. చెల్లెలు రాకపోకలు మానలేదు. వచ్చినప్పుడల్లా తల్లి పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. అతను గదిలోకి రాగానే కబురు మారేది. కాగితాలు తీసేశానని చెబుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. తీసేసినంత మాత్రాన విన్నది విననట్టు అవుతుందా అని ఊరుకున్నాడు.

కొన్నేళ్లకు అప్పలనరసమ్మ కన్నుమూసింది. తల్లిని కిందికి దించి పడుకోబెట్టారు. చెల్లెలు వస్తే తనకు ఏం మిగులుతుంది? మళ్లీ ఆ పొడి కళ్లేనా? అతను అదే అనుకుంటూ కూర్చున్నాడు.

బండి గంటలు వినిపించాయి.

జగన్నాథరావు లేచి, చెప్పుల్లేకుండా సందు చివరికి నడిచాడు. ఎద్దు మెడ మీద చెయ్యి వేశాడు. ఉమామహేశ్వరి దిగింది. అతని గొంతులోంచి ఏదో తన్నుకొచ్చింది.

"అమ్మా! నీ కూతురొచ్చిందే! నాను తప్ప ఎదురొచ్చీవోలెవులూ లేరే అమ్మా! నాను సాలనే!"

ఏ మాట చెల్లెలిదో, ఏ మాట తనదో అతనికి తెలియలేదు. అరుగుల మీది మగవాళ్లు బిత్తరపోయారు. "మగోడు శోకమెట్టడమేటర్రా! సదువుకున్నోడు!" అన్నాడు దాయాది దానయ్య.

"ఊరుకో సిన్నాయినా" అంది ఉమామహేశ్వరి. "మా అన్నయ్యనేడవనీ."

అతని తల తన భుజానికి ఆనించుకుంది. అతను ఊపిరి అందక ఆగిపోయిన చోట తను ఎత్తుకుంది.