చిన్నబాపు బజ్జీలు, నా స్పీడు చలాను

ఆ రోజుల్లో నేనింకా కుర్రవాణ్ణి. అరవై రెండే. బొగ్గుబావి నుంచి రిటైరై ఏడాది కూడా నిండలేదు కనుక, నస్పూర్‌లో నేను గట్టిగా దగ్గితే భూమి కదులుతుందనే నమ్మకం ఇంకా పోలేదు. అలాంటి నాకు, మెట్‌పల్లిలో మితిమీరిన వేగంతో మోటార్‌సైకిల్ నడిపానని నోటీసు వచ్చింది. అదీ అయిదు నెలలు ఆలస్యంగా. "ఇన్ని రోజులకు వస్తే ఎవనికి యాదికుంటది? కొట్లాడుత!" అని వాడకట్టంతా వినేలా ప్రకటించాను. (నిజానికి నాకు బాగా గుర్తుంది. మరచిపోయే రోజు కాదది.)

ఆ రోజు మా ఇంటావిడ చిన్నబాపు, అంటే ఆమె తండ్రి తమ్ముడు, పోయిన మూడో రోజు. మెట్‌పల్లిలో ఆయన ఇంటి దగ్గర పిట్టకు పెట్టారు. పోయినవారికి ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించి దూరంగా నిలబడితే కాకి వచ్చి ముట్టాలి. ముడితే ఆయన తృప్తిగా వెళ్లినట్టు, ముట్టకుంటే ఎవరి మీదో అలిగినట్టు. ఎంతసేపు చూసినా గోడ మీది కాకి దిగి రాలేదు. "బస్టాండు కాడి మిర్చి బజ్జీలంటే చిన్నబాపుకు పాణం. ఉరుకు, జల్ది తే" అని ఇంటావిడ నన్ను తరిమింది. తెచ్చాను. అయినా కాకి వాలలేదు. చివరికి ఆ విస్తరి ఆవుకు పెట్టి అందరూ లేచారు. అప్పటినుంచీ ఆమెది ఒకటే మాట: "దవాఖానల ఉన్నప్పుడు సూడ పోలే గదా, నా మీదనే అలిగిండు." ఇంట్లో బజ్జీ మాటెత్తితే కళ్లనీళ్లు పెట్టుకునేది. (నేను ఒక్క ముక్క చెప్పేస్తే ఆ దిగులు తీరేదే. తిట్లకు జడిసి దాచాను.)

అందుకే చలాను మీద వాదించడానికి కరీంనగర్ ట్రాఫిక్ పోలీసు ఆఫీసుకు ఒంటరిగా పోదామనుకున్నాను. ఆమె ఊరుకుంటుందా? "సావు పని మీద పోయినోనికి చలానేంది? నేనొచ్చి సాక్ష్యం చెప్త" అని నాకంటే ముందే బస్సెక్కి కూర్చుంది. నోటీసు మీది ఫొటోలో బండి నంబరు తప్ప అంతా మసక. ఆ ధైర్యంతో నేనూ ఎక్కాను.

అక్కడ నా వాదనకు ఆఫీసంతా లేచి నిలబడింది. (ఉన్నది ముగ్గురు. అందులో ఒకాయన టీ కోసం లేచాడు.) "నాలుగు వందల మంది అన్నం ముట్టకుండ కూసున్నరు సార్, మూడు గంటలు!" అన్నాను. (నలభై మంది, అరగంట.) అధికారి ఓపిగ్గా విని, కంప్యూటర్‌లో ఫొటో తెరిచి పెద్దది చేశాడు.

"కాకా, జర గిటు సూడు. నోట్ల ఏంది?"

తెర మీద నేనే. హ్యాండిల్‌కు వేలాడుతున్న పొట్లం. ఉబ్బిన బుగ్గ. పళ్ల మధ్య నుంచి మిరపకాయ తొడిమ. (హెల్మెట్ లేదన్న సంగతి ఆయన దయతలచి ఎత్తలేదు.)

ఇంటావిడ కళ్లద్దాలు సర్దుకుని తెర దాకా వంగింది. "ఎన్ని తిన్నవ్?"

"ఒక్కటే."

"నిజం చెప్పు."

"మూడు. వేడి వేడిగ ఉండె..."

"అయితే చిన్నబాపుకు పెట్టింది నీ ఎంగిలా!"

నేను తల వంచుకుని తిట్ల కోసం ఎదురుచూశాను. రాలేదు. తలెత్తితే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. "ఎంగిలిదైతే కాకి ఎట్ల ముడ్తది సార్? నా మీద అలగలే. చిన్నబాపు నా మీద అలగలే" అని అధికారికి రెండుసార్లు చెప్పింది. "మరి చలాను సంగతేందమ్మా?" అని ఆయన అడిగితే, "గీ మనిషితోనే కట్టిస్త సార్" అంది.

ఇప్పుడు, వయసు పైబడ్డాక, ఒక్కటి మాత్రం వింతగా తోస్తుంది. గోడ మీది కాకికి నా ఎంగిలి సంగతి ఎలా తెలిసింది? అసలు నేను బజ్జీలు తేకముందు కూడా అది రాలేదు కదా! బహుశా ఆ పూట దానికి ఆకలి లేదేమో. ఈ ముక్క ఆమెకు ఇంతవరకూ తట్టలేదు, నేనూ చెప్పలేదు. చుట్టాల ముందు ఆమె నన్ను "మా చిన్నబాపు నోటికాడి బజ్జీలు తిన్నోడు" అని చూపించినప్పుడల్లా, ఆ అరవై రెండేళ్ల కుర్రవాణ్ణి తలచుకుని నవ్వుతూ ఒప్పుకుంటాను. తిన్నది మూడు కాదు, ఆరని కూడా కలుపుతాను.