నర్సవ్వ పోగుల గుత్తి

మొన్న పొద్దున మా ఆవిడ సుగుణ కొత్త నేత చీరను ఉప్పునీళ్ల బకెట్‌లో ముంచింది. కాసేపటికి నీళ్లు ఎర్రబారాయి. తడిసిన నూలు వాసన వాకిట్లోంచి నేను కూర్చున్న మంచం దాకా వచ్చింది. ఆ వాసన తగిలితే చాలు, గొప్పలు చెప్పుకోవాలని నా నాలుక దురద పెడుతుంది. పక్కగదిలో గోడవైపు తిరిగి పడుకున్న మా బిడ్డ స్వప్నకు వినపడేట్టు మొదలుపెట్టాను. కొత్తవాడ రంగుల షెడ్డులో ఎరుపు అంటే నేనేనని చెప్పాను. ఒకసారి జంపఖానాల నూలు మొత్తం చెడిపోయిందని షెడ్డంతా తల పట్టుకుంటే, నేనొక్కడినే చెయ్యి అడ్డం పెట్టి, ఆరేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నానని చెప్పాను. సాయంత్రానికి ఆ నూలు దానిమ్మ గింజల్లా మెరిసిందనీ, నా ధైర్యం చూసి మేస్త్రి నర్సవ్వే నోరెళ్లబెట్టిందనీ చెప్పాను. ఎప్పుడూ లేనంత బాగా చెప్పాను.

స్వప్న లేచి గడప దగ్గరికి వచ్చింది. హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో పదహారేళ్లుగా లెక్కలు చెప్పేది. నాలుగు రోజుల కింద ఫోన్‌లో రెండు వాక్యాల మెసేజ్ వచ్చింది, వచ్చే ఏడాది నుంచి రానక్కర్లేదని. పిలిచి చెప్పలేదు, కారణం చెప్పలేదు. ఆ రోజే ఒక సంచితో మా ఇంటికి వచ్చి, ఫోన్ బోర్లా పెట్టి పడుకుంది. తిండి మీద ధ్యాస లేదు. మాట్లాడితే ఒకే మాట: "నేనింక దేనికీ పనికిరాను."

"బాపూ," అంది మెల్లగా, "నీ ముచ్చట్లన్నీ గెలిచే ముచ్చట్లే. వినీ వినీ నాకు ఇంకింత బుగులైతాంది. ఓడిపోయిన ముచ్చట ఒక్కటన్న ఉంటే చెప్పు. లేకుంటే ఊకో."

బుగులు అంటే మా వైపు లోలోపలి భయం. నా కబుర్లు బిడ్డకు ధైర్యం ఇస్తున్నాయని నలభై ఏళ్లుగా అనుకుంటున్న నాకు ఆ మాట చెంప మీద కొట్టినట్టయింది. అందుకే కాగితాలు తీసుకుని, ఈసారి ఉన్నది ఉన్నట్టు రాద్దామని కూర్చున్నాను.

ముందుగా నర్సవ్వ ఎవరో చెప్పాలి. ఆమె ఆరడుగుల మనిషి, గొంతెత్తితే ఊరవతలి ఖిలా దాకా వినిపించేది. చూశారా, అలవాటు చావలేదు. ఆమె నా భుజం దాకా కూడా రాదు. గొంతు ఎప్పుడూ బొంగురే, ఆవిరి మింగీ మింగీ. మోచేతుల దాకా చర్మానికి ఒక రంగంటూ ఉండేది కాదు. ఏ వారం ఏ రంగు అద్దితే ఆ రంగు. నేత సంఘం వారి రంగుల షెడ్డును నడిపేది ఆమే. నేను ఇరవయ్యో ఏట మగ్గం మీద కుదురు లేక అక్కడ చేరాను. సుగుణ అదే షెడ్డు పక్క వరండాలో కండెలు చుట్టేది.

చేరిన మొదటి రోజే గంగాళంలోంచి నూలు చిలపను, అంటే పోగుల కట్టను, కర్రతో పైకి లేపి బిత్తరపోయాను. నీలం అద్దమంటే మసిబొగ్గులా ఉంది. "అవ్వా, రంగు పాడైంది," అన్నాను. ఆమె తల కూడా ఎత్తలేదు. "తడి మీద నోరు తెరవకు కొడుకా. ఆరినంక తెరువు. అప్పటిదాక పోయి నీళ్లు తోడు." మధ్యాహ్నానికి వెదురు దండెం మీద ఆ చిలప అచ్చం నమూనా ముక్కలాగా, మబ్బు లేని ఆకాశం రంగులో ఊగుతోంది. తడి నూలు ఎప్పుడూ అసలు రంగు కంటే నల్లగా కనిపిస్తుంది. రంగులవాళ్లకు ఇది మొదటి పాఠం. అందరికీ తెలుసు, గంగాళం ముందు నిలబడ్డప్పుడు మాత్రం ఎవరికీ గుర్తురాదు.

నర్సవ్వ ఈ పాఠాన్ని నూలు దగ్గర ఆపలేదు. రోజూ సాయంత్రం షెడ్డు మూసే ముందు మమ్మల్ని ఒక్కొక్కరినీ అడిగేది: "పొద్దుగాల ఏం బుగులు పెట్టుకున్నవ్? ఇప్పుడేమైంది?" దాటవేస్తే ఊరుకునేది కాదు. కట్టెలు చాలవని భయపడ్డాను, చాలాయి. సంఘం సెక్రటరీ తిడతాడనుకున్నాను, ఆయన రానేలేదు. భయం ఉత్తదని తేలితే ఆమె ఒక తెల్ల పోగు తీసుకుని గంగాళం పక్క గుంజకు వేలాడే తాడుకు ముడి వేసేది. నేను చేరేసరికే అది గుర్రం తోకంత గుత్తి. మేం నిలబడే వైపు నుంచి చూస్తే తెల్లగా మెరుస్తుండేది.

ఒక వేసవి గాలిదుమారానికి షెడ్డు రేకులు లేచిపోయాయి. పొద్దున వెళ్లేసరికి ఆకాశం నేరుగా గంగాళంలో పడి ఉంది. నర్సవ్వ చీర కొంగు నడుముకు చుట్టుకుని వరసగా అడుగుతోంది.

"గంగాళం ఉన్నదా?"

"ఉన్నది."

"పొయ్యి?"

"తడిసింది అవ్వా."

"తడిస్తే ఆరుతది. దండేలు?"

"రెండు విరిగినయ్."

"విరిగినయి విరిగినయే. మిగిలినయి నిలబెట్టుండ్రి."

నేను ఉండబట్టలేక అన్నాను, "నీకు పుట్టుకతోనే గుండె గట్టిది అవ్వా, మాకెట్ల వస్తది?" ఆమె నన్ను వింతగా చూసింది. "నాకా? కాపురానికి వచ్చిన కొత్తల తలుపు చప్పుడైతే వడ్ల గుమ్మి ఎనక దాక్కునేదాన్ని. గిది పుట్టుకతోటి రాలే కొడుకా. రంగు కలుపుడు చేతికెట్ల వచ్చింది? రోజు కలిపితే వచ్చింది. గిది గుడ గంతే. ఒక్కరోజు ఇడిసిపెట్టినా చెయ్యి మర్సిపోతది." గట్టిదనుకున్న గోడ లోపల బోలుగా ఉందని తెలిస్తే ఎలా ఉంటుంది, అలా ఉండిపోయాను నేను.

ఇప్పుడు నా ఎర్ర నూలు సంగతి. అప్పటికి నాకు సుగుణతో పెళ్లయి ఏడాది. ఆమె నెలలు నిండుతున్న మనిషి. కడుపులో ఉన్నది ఈ స్వప్నే. నర్సవ్వ వాళ్ల అక్క చనిపోయిందని తొర్రూరు నుంచి కబురొచ్చింది. బయలుదేరుతూ ఆమె గంగాళాన్ని మొదటిసారి నాకు అప్పగించింది. "తియ్యి, ఆరెయ్యి. ఆరేదాక ఏం చెయ్యకు," అంది. రెండుసార్లు అంది.

తీశాను. ఎరుపు కావలసిన నూలు కార్జం ముక్కలా, దాదాపు నల్లగా ఉంది. రెండేళ్లుగా నేర్చుకున్న పాఠం ఒక్క క్షణంలో ఆవిరైపోయింది. గంగాళం నా చేతికి వచ్చిన మొదటి రోజే తగలబెట్టానని షెడ్డంతా నవ్వుతారన్న భయం తప్ప తలలో ఇంకేమీ లేదు. పక్కనున్న వాళ్లు ఆగమన్నారు కూడా. ఆ రోజుకు నేనే మేస్త్రిని కదా, వినలేదు. నీళ్లు మరగబెట్టి, సోడా వేసి, అది చాలదని బ్లీచింగ్ పౌడరు కూడా కలిపి చిలపలన్నీ అందులో ముంచాను. రంగు దిగింది. ఒకచోట గులాబీ, ఒకచోట ఇటుక, ఒకచోట ఉత్త తెలుపు. పట్టుకుని లాగితే పోగు పుటుక్కున తెగింది.

చేతులు తుడుచుకుంటూ షెడ్డు వెనక్కి వెళ్లాను. అక్కడ దండెం చివర, తొందరలో నేను మరిచిపోయిన చిలప ఒకటి వేలాడుతోంది. పూర్తిగా ఆరింది. నమూనా ముక్క తెచ్చి పక్కన పెట్టి చూశాను. అదే ఎరుపు. వీసమెత్తు తేడా లేదు. దాన్ని పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. నూలు చెడలేదు. దాన్ని చెడగొట్టింది నా భయం.

నర్సవ్వ ముఖం చూడలేక, ఇంటికి కూడా వెళ్లకుండా, దూరాన భీవండికి వలసపోయి మరమగ్గాల్లో పని చేసుకుందామని కాజీపేట స్టేషన్‌కు పోయాను. బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నాను. బండి వచ్చింది. ఆరేదాకా ఏం చెయ్యకన్న ఆమె మాట చెవిలో మోగింది. లేచి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు ఆమె ముందు తల దించుకుని నిలబడ్డాను. తిడుతుందని, వెళ్లగొడుతుందని తెలుసు. ఆమె చిలపలు ఒక్కొక్కటీ లాగి చూసి రెండు కుప్పలు వేసింది, తెగేవి, తెగనివి. "తెగనియి నల్ల రంగుల ఎయ్యి. అంచులకు పనికొస్తయి. తెగేటియి దండేలు కట్టుకునే తాళ్లకు." రంగుల షెడ్డులో మరకలు పడ్డ నూలుకు చివరికి దిక్కు నలుపే, ఏ మచ్చనైనా అది కప్పేస్తుంది. ఆమె ముఖంలో కోపం వెతికాను. దొరకలేదు. తిట్టినా అంత బెదిరిపోయేవాణ్ని కాదు.

ఆమె పోయాక షెడ్డు కూడా తీసేశారు. గుంజ మీది గుత్తి తెచ్చుకుందామని నేనూ సుగుణా వెళ్లాం. తాడు విప్పి ఇటు తిప్పగానే నా చెయ్యి ఆగిపోయింది. మేం చూసే వైపు తెలుపు. పొయ్యి వైపు, అంటే నర్సవ్వ పీట వేసుకుని రోజంతా కూర్చునే వైపు, నలుపు. నిజమైన భయాలన్నీ నల్ల పోగులై అక్కడున్నాయి. పోయిన అక్క, లేచిపోయిన రేకులు, నా ఎర్ర నూలు, నాకు తెలియనివి ఇంకెన్నో. తెల్లవాటికి ఏమాత్రం తక్కువ లేవు. ఇన్నేళ్లూ ఆ నల్లదాన్ని చేతులు తుడుచుకునే మసిగుడ్డ అనుకున్నాను. అన్నీ మంచిగా జరిగాయి కాబట్టి ఆమెకు ధైర్యం అనుకున్నాను. ఆమె మాకు తెల్లవి చూపించి, నల్లవాటి ఎదురుగా తాను కూర్చుని, రోజూ పొయ్యి వెలిగించింది. ఆ నల్ల గుత్తి మధ్యలో ఒకే ఒక్క తెల్ల పోగు కనిపించింది. చివరి రోజుల్లో చూపు ఆనక పొరపాటున కట్టి ఉంటుందనుకున్నాను.

ఆ గుత్తి ఇప్పుడు మా ఇంట్లో మేకుకు ఉంది. పొద్దుగూకితే దాని ముందు నిలబడి, పొద్దున ఏం భయపడ్డాను, ఇప్పుడేమైందని అడుక్కుంటాను. రోజూ అని రాయబోయాను. వారానికి నాలుగు రోజులు. మిగతా రోజులు చెయ్యి మర్చిపోతుంది.

ఇంతవరకూ రాసి, నిన్న మధ్యాహ్నం తల్లీబిడ్డలకు చదివి వినిపించాను. సుగుణ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. స్వప్న గుత్తిని మేకు మీద నుంచి దించి ఒళ్లో పెట్టుకుని, నల్ల పోగులను ఒక్కొక్కటే వేలితో జరుపుతోంది. "గిన్ని ఉన్నయా," అంది. గుత్తిని ఇటూ అటూ తిప్పి, "నాది ఏ దిక్కు కట్టాలె బాపూ?" అంది. "ఇంకా ఆరలేదు బిడ్డా," అన్నాను. నేను మంచి మాటే అన్నాననుకున్నాను.

సుగుణ కాయలు కింద పెట్టింది.

"స్టేషన్ల బెంచీ మీద కూసున్నవా నువ్వు?" అంది. "బండి ఎక్కినవ్. పదకొండు రోజులు పోయినవ్."

స్వప్న తలెత్తి నా వైపు చూసింది. నేను కాగితాల వైపు చూశాను.

"ఇది కడుపుల ఉండె. రోజు పొద్దుమూకి నర్సవ్వ నన్ను గుడ అడిగేది, ఏం బుగులు పెట్టుకున్నవే అని. గాయన రాడని, అనేదాన్ని. ఇంకా ఆరలే, కట్టకు, అనేది. తొమ్మిదో రోజు నాకు సాలైంది. ఆమె చేతులకెల్లి నల్ల పోగు గుంజుకొని నేనే కట్టిన. ఆమె అడ్డం రాలే."

"ఆమె మాట చెవిల మోగి..." అన్నాను.

"ఏం మోగలే. భీవండిల మీ మేనత్త కొడుకు జాగ లేదని ఎల్లగొడితే వచ్చినవ్. నువ్వు వచ్చిననాడు నేను పోయి ఆ నల్లది విప్పబోయిన. నర్సవ్వ చెయ్యి పట్టుకున్నది. ఉండనీయే, గది అబద్ధం కాదు, తొమ్మిది దినాలు ఏడ్సినవ్, దాన్నెందుకు ఇప్పుతవ్, పక్కకు తెల్లది కట్టు, అన్నది." సుగుణ చెయ్యి చాపి, స్వప్న ఒళ్లోని నల్ల గుత్తిలోంచి ఆ ఒక్క తెల్ల పోగును వేళ్లతో వేరుచేసి పట్టుకుంది. "ఆమె కండ్లకేం రాలే. గీ తెల్లది నువ్వు. దాని పక్క నల్లది గుడ నువ్వే. బిడ్డ కోసం రాస్తే రెండూ రాయి."