నా మోకాలిలో డొల్ల చప్పుడు

దయ్యాలంటే ఎగతాళి చేసే మనిషిని నేను. ఇప్పుడు కూడా మల్లయ్య కాక దయ్యమని చెప్పడం లేదు. ఆయన నిక్షేపంగా బతికే ఉన్నాడు, నిన్న సాయంత్రం మా ఇంట్లో చాయ్ తాగి వెళ్ళాడు. నాకు తిక్క లేపుతున్నది అదే.

మాది గోదావరిఖని, బొగ్గుగని కార్మికుల కాలనీ. నేను కబడ్డీలో రైడర్‌ని. ఒక మ్యాచ్‌లో కాలు మెలిపడి మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ చేసి, తొమ్మిది నెలలు మ్యాట్ ఎక్కొద్దన్నారు.

ఆ నెలలు పగవాడికి కూడా వద్దు. తొడ చిక్కిపోయి నాదేనా అనిపించేది. తోటి అమ్మాయిలు పంపే ప్రాక్టీసు వీడియోలు చూసి ఫోన్ విసిరికొట్టేదాన్ని. ఎవరైనా ఓపిక పట్టమంటే ఒళ్ళు మండేది. అన్నం పెడితే అమ్మ మీద అరుపు, పెట్టకపోయినా అమ్మ మీదే అరుపు.

ఆరో నెలలో జిల్లా జట్టుకు సెలక్షన్ పడింది. ఇది తప్పితే నా వయసు దాటిపోతుంది, ఇంకో అవకాశం లేదు. ఎవరికీ చెప్పలేదు. సెలక్షన్ రోజు పొద్దున నాన్న డ్యూటీలో, అమ్మ మార్కెట్లో. మోకాలి పట్టీ విప్పేసి, బూట్లు కట్టుకుని వరండాలోకి వచ్చాను.

గేటు దగ్గర మా పక్కింటి మల్లయ్య కాక నిలబడి ఉన్నాడు. గనిలో చేసి రిటైరైన మనిషి. గని లోపల పని మొదలుపెట్టే ముందు కర్రతో పైకప్పు తట్టి చూస్తారు. గట్టి చప్పుడైతే పని, డొల్ల చప్పుడైతే వెనక్కి రావాలి. ఆ అలవాటు కాకను వదల్లేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు స్లాబు తట్టాకే కూర్చుంటాడు, మేమంతా నవ్వుతాం.

ఆ రోజు స్లాబు తట్టలేదు. నేను గేటు దాకా రాగానే వంగి, కర్ర కొసతో నా మోకాలు తట్టాడు. ఒట్టు, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగింది.

"డొల్ల మోగుతున్నది బిడ్డా. ఎన్కకు జరుగు."

"నీకేం ఎరుక కాకా! ఇయ్యాల పోకుంటే నా ఆట ఖతం!"

ఆయన గేటుకు అడ్డం తప్పుకోలేదు. వెనక్కి వచ్చి వరండా మెట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. తలెత్తేసరికి కాక లేడు, సెలక్షన్ టైం దాటిపోయింది.

అమ్మ రాగానే కాకను తిట్టిపోశాను.

"ఏం మాట్లాడుతున్నవే? కాక కంటి ఆపరేషన్‌కు నిన్ననే కరీంనగర్ పోయిండు గదా!"

వెళ్ళి చూస్తే ఆయన ఇంటికి తాళం. ఫోన్ చేశాను.

"కన్నుకు పట్టి కట్టిన్రు, దవాఖాన మంచంల పండుకున్న. ఆడికి ఎట్లొస్త బిడ్డా?"

తర్వాతి వారం స్కాన్ తీశారు. లోపల వేసిన లిగమెంట్ ఇంకా పట్టుకోలేదు, గ్రౌండులో ఒక్కసారి గిర్రున తిరిగినా మళ్ళీ తెగేదని డాక్టర్ చెప్పాడు. అమ్మ దేవుడికి దండం పెట్టింది. నాకు చేతులు లేవలేదు. కాలు దక్కింది, నిజమే. జట్టు పోయింది.

బాధలో ఏదో భ్రమ పడ్డాననుకుందామంటే, స్కాన్‌లో తేలబోయే సంగతి నాకు ముందే ఎలా తెలుస్తుంది?

కాక ఎదురుపడితే చాలు, నా ఆట మట్టిపాలు చేశావని కడిగేయాలనిపిస్తుంది, కోపం నోటిదాకా వస్తుంది. కానీ తాను రానేలేదంటున్న మనిషిని ఏమని తిట్టను?