సోములమ్మ వేరుపెట్టిన ఆనపబుర్ర

మొగుడికి సోములమ్మ మొదటిసారి వేరే ఆనపబుర్రలో అంబలి పోసిన రోజు, భీమన్న రెండు పూటలు దాన్ని ముట్టలేదు.

“నన్ను ఎలేసినావేటే?” అన్నాడు.

“ఎలేస్తే నీ పక్కన కూకుంటానా? కాంపౌండరు బాబు సెప్పినాడు. తాగు.”

అరకు కొండల్లోని ఆ ఊళ్ళో అంబలైనా, జీలుగు కల్లైనా ఒకే ఎండిన ఆనపకాయ బుర్ర చేతులు మారుతుంది. బుర్ర వేరైతే మనిషి వేరైనట్టే. కాని భీమన్న దగ్గు ఎన్నాళ్ళకూ తగ్గలేదు. రెండు రోజులు నడిచి సాలూరు ఆస్పత్రికి తీసుకెళితే, కాంపౌండరు వీరభద్రరావు ఛాతీ మీద చెవి పెట్టి విని, క్షయ అన్నాడు. మాన్పే మందు లేదన్నాడు, పట్టి ఉంచే దారి మాత్రం ఉందన్నాడు. చేపనూనె, మేకపాలు, ధారాళంగా గాలి. ఉమ్మి బూడిద పోసిన వెదురు గొట్టంలో వేసి కాల్చెయ్యాలి. అతని బుర్ర ఇంకొకరు ముట్టకూడదు. అక్షరం రాని సోములమ్మ ఆ అయిదు మాటలనూ అయిదు వేళ్ళకు అప్పగించుకుని కొండెక్కింది. ఏడాది తిరిగేసరికి భీమన్న మళ్ళీ గొడ్డలి పట్టాడు.

పంతొమ్మిదివందల ఇరవయ్యో సంవత్సరం మాఘమాసంలో విషజ్వరం కొండెక్కింది. అప్పటికి చేపనూనె అయిపోయింది. సీసా పట్టుకుని సోములమ్మ సాలూరు వెళ్ళింది. ఆస్పత్రి వరండా నిండా జ్వరం మనుషులే. కిటికీలోంచి ఎవరో కొత్తాయన అన్నాడు:

“వీరభద్రరావుగారు పోయి పది రోజులైందమ్మా. జ్వరం వాళ్ళకే చోటు లేదు. పాత దగ్గులు ఇప్పుడు చూడం.”

ఖాళీ సీసాతో తిరిగొచ్చేసరికి ఊరి దారికి అడ్డంగా ముళ్ళకంప వేసి ఉంది. కంప అవతల ఊరిపెద్ద మల్లేశు.

“అక్కడే ఆగు కోడలా. దగ్గేవోడిని ఊళ్ళో ఉంచలేం. బీవన్నని సేలో మంచె మీదికి పంపినాం.”

“ఆడి దగ్గు మూడేళ్ళది మావా! ఈ జొరం మూడు రోజుల్లో సంపేత్తాది. రెండూ ఒకటేటి?”

“దగ్గు దగ్గే.”

సోములమ్మ ఇక వాదించలేదు. “మా మేకని కంప దాటించండి, సాలు” అంది.

పిట్టల్ని తోలడానికి కట్టిన ఆ మంచె, కోత అయిపోయాక ఒట్టిగా నిలబడి ఉంది. రెండు నెలలు వాళ్ళిద్దరూ అక్కడే. ఊరివాళ్ళు రాతి మీద అంబలికి చోళ్ళు పెట్టి వెళ్ళేవారు, సోములమ్మ వచ్చి తీసుకునేది. చేపనూనె లేక భీమన్నకు ఎముకలు తేలాయి, ఉమ్మిలో మళ్ళీ ఎరుపు కనబడింది. అయినా ఒక్క రోజు కూడా గొట్టం కాల్చడం మానలేదామె. ఊళ్ళో తొమ్మిదిమంది పోయారు. అందులో మల్లేశు భార్య కూడా ఉంది.

చైత్రంలో, కొండవాళ్ళు వేటకూ విత్తనాలకూ చేసుకునే ఇటుకల పండగ నాటికి కంప తీశారు. కల్లుకుండ చుట్టూ ఊరంతా కూచుంది. బయట ఉన్న మనిషి మళ్ళీ లోపలికి రావాలంటే ఒకటే పద్ధతి: అందరూ తాగే బుర్రతో తాగాలి. మల్లేశు బుర్ర నింపి, లేచి భీమన్న ముందుకొచ్చాడు.

“తాగు బీవన్నా. నువ్వు మావోడివి.”

భీమన్న చేతులు చాచాడు. కళ్ళలో నీళ్ళు. ఆ పిలుపు కోసమే బతికి ఉన్నాడు.

సోములమ్మ అడ్డంగా చెయ్యి పెట్టింది. “ఒద్దు.”

“ఓలమ్మా, దీనికేటి పిచ్చా? ఊరు పిలిస్తే ఒద్దంటాదేటి!” అని ఎవరో అరిచారు. భీమన్నే అందరికన్నా గట్టిగా, “తియ్యే సెయ్యి!” అన్నాడు.

ఆమె కదల్లేదు. “మావా, జొరం నెలలో మీ ఇంట్లో ఎన్ని బుర్రలు?”

మల్లేశు వేళ్ళు మడిచాడు. “ఆరు. మనిసికొకటి.”

“ఎవులు సెప్పినారు?”

“బయం.”

“మూడు రోజుల జబ్బుకున్న బయం మూడేళ్ళ జబ్బుకొద్దా? నీ మనవలు రేపిదే బుర్రతో తాగుతారు. కుండ ఒకటే కదా! ఆడి బుర్రలో నీ సేత్తో వంపు. ఊరు పోసినట్టే.”

తన నడుముకు కట్టుకొచ్చిన భీమన్న బుర్ర విప్పి మల్లేశు ముందు పట్టింది. మల్లేశు ఆమెని చూశాడు, కుండని చూశాడు. తన చేతిలో బుర్ర పక్కన పెట్టేశాడు. కుండ ఎత్తి పట్టుకుని భీమన్న బుర్రలోకి వంపాడు, పొర్లి నేల తడిసేదాకా.

“ఇంక మీరూ ఎల్లండి, ఎవులి బుర్ర ఆళ్ళు తెచ్చుకోండి” అని మిగతావాళ్ళ మీద కేకేశాడు. “బేగి ఎల్లండి! కల్లు పులిసిపోతాది.”

నవ్వుకుంటూ కొందరు లేచారు, గొణుక్కుంటూ కొందరు.

భీమన్న ఆ తర్వాత నాలుగేళ్ళు తన గుమ్మంలోనే బతికాడు. పోయిన రోజు సోములమ్మ ఆ బుర్రని గుర్తుగా దాచుకోలేదు. కాంపౌండరు చెప్పినట్టే గొట్టంతోపాటు కాల్చేసింది. మరుసటి ఇటుకల పండక్కి కల్లుకుండ దగ్గర ఆమే నిలబడింది. ముగ్గురు బుర్రల్లేకుండా ఒట్టి చేతులతో వచ్చారు.

“ఇంటికి పోయి రండి” అంది.